ముప్పై ఏళ్ల కంపు

మునినారాయణప్ప ఈ లోకంలో చివరిగా చేసిన పని కాఫీ వాసన చూడటం. బెంగళూరు బళేపేటలో ఆయన అంగడి మెట్ల పక్కనే జయమ్మ కాఫీ కాస్తుంది. ఆ రోజు పాలు అడుగంటాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, గ్లాసు పుచ్చుకున్న ప్రతివాడికీ తెలుసు. మునినారాయణప్ప మాత్రం అలవాటు ప్రకారం గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో ఆవిరిని ముక్కులోకి తోసుకుని, "ఏం కంపు తల్లీ" అన్నాడు. తర్వాత తీరిగ్గా తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. లోపలికి వెళ్లి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. అంతే. డెబ్భై మూడేళ్లు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. కొత్త చొక్కా, పాత పుస్తకం, పెళ్లి శుభలేఖ, ఆస్పత్రి మందుచీటీ, ఏదైనా సరే ముందు ముక్కుకి చూపించాకే కంటికి చూపించేవాడు. శుభలేఖ వాసన చూసి, "ఈ పెండ్లిలో సాంబారు బాగుంటాది" అని చెప్పేవాడు. మూలలకి మంచి పసుపు రాసినవాళ్లు కందిపప్పు దగ్గర మాత్రం ఎందుకు కక్కుర్తి పడతారని ఆయన వాదన.

'కంపు' దగ్గర కాస్త ఆగాలి. మనకి కంపంటే ముక్కు మూసుకునేది. కన్నడంలో కంపంటే పరిమళం. నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగిళ్లలో కన్నడం ఏ కిటికీలోంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు కానీ, వచ్చి కూర్చుంది. మునినారాయణప్ప ఇంట్లో మల్లెపూలు కంపు, గంధం కంపు, దేవుడి గది అంతా కంపు. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన చుట్టం పులిహోర కలిపితే, "అమ్మా, నీ పులిహోర కంపు వీధి దాకా వస్తాండాది" అని మనసారా మెచ్చుకున్నాడు. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయన భార్య పుష్పావతి వెళ్లి బతిమాలి, భాష విడమరిచి చెప్పేసరికి సాయంత్రమైంది. ఎందరు చెప్పినా ఆయన నోటికి మరో మాట తిరగలేదు.

చెడ్డ వాసనకి ఆయన దగ్గర మాటే లేదు. మురిక్కాలువ పొంగినా, ఇంగువలో పిండి కలిసినా, పక్కింటివాళ్ల పచ్చడి పాడైనా ఒకటే తీర్పు: "ఇంకా మాగల్ల." ఇంకా మాగాలి, అంతే. తప్పు వస్తువుది కాదు, కాలానిది.

అంగడి కూడా ఆ ముక్కుకి తగ్గదే. గ్రంథిగె అంగడి అంటారు అక్కడ. పూజ సామాను, వేర్లు, మూలికలు, సాంబ్రాణి, ఇంగువ, పచ్చకర్పూరం. గోడ నిండా మూడు వందల చిన్న సొరుగులు, ఒక్కదాని మీదా పేరు లేదు. పేర్లు ఎందుకు రాయలేదని అడిగితే, మనుషులు నుదుట పేరు రాసుకుని తిరుగుతారా అనేవాడు. మేనల్లుడు చేతన్ అక్క మేఘనకి సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు, పెళ్లికొడుకుని కావలించుకుని భుజం దగ్గర గట్టిగా ఊపిరి పీల్చాడు. పెళ్లివారు బిక్కచచ్చిపోయారు. బయటికొచ్చి ఆయన చెప్పింది ఇది: "చొక్కాలో ఆర్నెల్ల కలరా ఉండల వాసన ఉండాది. ఉండేది ఒకటే మంచి చొక్కా, దాన్ని జోపానంగా పెట్టుకోనుండాడు. పెండ్లాన్ని కూడా అట్లే చూసుకుంటాడు. ఇచ్చేయండి." ఇచ్చారు. మేఘన పన్నెండేళ్లుగా సుఖంగానే ఉంది, మొగుడు కొత్త చొక్కా కొనుక్కోడని పోట్లాడుతూ.

చేతన్‌కి ఈ కథలన్నీ నోటికి వచ్చు. ఆఫీసులో ఎప్పుడూ ఒక్కటీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం పెద్దదేం కాదు. చేతన్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటూ బ్రూక్‌ఫీల్డ్‌లో పనిచేస్తాడు. టీములో తెలుగువాళ్లందరూ విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవాళ్లు. వచ్చిన కొత్తలో చేతన్ "మేనేజరు లోపల ఉండాడు" అంటే ఫ్లోరంతా వారం రోజులు 'ఉండాడు, ఉండాడు' అని ఊగింది. అప్పట్నుంచి అతను 'ఉన్నాడు' అనడం నేర్చుకున్నాడు. దాంతోపాటు బళేపేటకి వెళ్లడం కూడా మానేశాడు. పిల్లల్లేని మేనమామ ఉగాదికి ఫోన్ చేస్తే, పనుంది మామా అనేవాడు.

మళ్లీ వెళ్లింది విస్కీ కోసం.

చేతన్ పైఅధికారి, హైదరాబాద్ నుంచి వచ్చిన వినయ్‌కి అరుదైన విస్కీలు పోగేసే సరదా. ఇంట్లో అద్దాల బీరువాలో సీసాలు దేవుళ్లలా వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని మీద పీపా నంబరు, పోసిన ఏడు, తీసిన ఏడు, లోకంలో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. నెలకి రెండు ఆదివారాలు మధ్యాహ్నం టీములోని తెలుగువాళ్లు ఆరుగురు ఆ ఇంట్లో కూర్చునేవాళ్లు. తాగడానికి కాదు, చెప్పడానికి. గ్లాసులో అరంగుళం పోసుకుని, ముక్కు దూర్చి, ఒకరు అంజూర అంటారు, ఒకరు పాత తోలు అంటారు, ఒకరు పొగాకు పెట్టె అంటారు; అలా పట్టి చెప్పినదాన్ని నోట్ అంటారు. ఆ ఆరుగురిలో ఉన్నవాడికి ఆఫీసులో నడక మారిపోతుంది. చేతన్ రెండేళ్లు ఎదురుచూసి అందులో చేరాడు. మొదటి రోజు అతని వంతు వచ్చేసరికి "బాగుంది" అన్నాడు. పక్కనున్న రమ్య, "బాగుంది అనేది నోట్ కాదు చేతన్" అంది. నిజానికి అతనికి సూది వేసేముందు రాసే దూది తప్ప మరే వాసనా తగల్లేదు.

తర్వాతి ఆదివారానికి హోంవర్కులాగా వినయ్ అందరికీ చిటికెన వేలంత సీసాల్లో తలా కాస్త పోసి గురువారమే ఇచ్చేవాడు. చేతన్ ఆ సీసా జేబులో వేసుకుని, నాలుగేళ్ల తర్వాత మామ అంగడి మెట్లెక్కాడు. ఎందుకు రాలేదని మునినారాయణప్ప అడగలేదు. సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. ఎన్నేళ్లది, ఏ చెక్కలో ఉంచారు, ఏ ఊరు, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. వాసన చూడమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడే చెప్పకూడదప్పా. పరాయి ఊరి సరుకు. మనింట్లో ఒక దినం నిద్ర చేయల్ల. పెట్టి పో, శనివారం రా."

శనివారం వెళ్తే చెప్పాడు. "ఎండుద్రాక్ష జాడీ కాళీ అయినంక అడుగున ఒక జిగట మిగులుతాది చూడు, అది. పైన లవంగం. ఇంకా లోపలికి పోతే నన్నారి వేరు నానేసిన నీళ్లు."

చేతన్ దాన్ని ఫోన్లో రాసుకుని, నన్నారికి, అంటే మన సుగంధిపాలకి, ఇంగ్లీషు పేరు వెతికి, ఆదివారం కళ్లు మూసుకుని "సార్సపరిల్లా రూట్" అన్నాడు. రమ్య మళ్లీ గ్లాసు ఎత్తి వాసన చూసి, "అవును, ఉంది" అంది. ఆ మాట విన్నాక మిగతా నలుగురికీ కూడా తగిలింది.

అక్కణ్నుంచి చేతన్ వెలుగు వెలిగాడు. సాంబ్రాణి బెంజాయిన్ అయింది, వస కొమ్ము కాలమస్ అయింది. ఒక పొగవాసన విస్కీకి మామ, "సాంబ్రాణి ఏసి ఆరిపోయిన గది, మూలలో తడిసిన కంబళి" అన్నాడు. చేతన్ దాన్ని "వెట్ వుల్" చేసేసరికి వినయ్ లేచి వచ్చి కావలించుకున్నాడు. ఆ తడి ఉన్ని పట్టుకోవడానికి తనకి మూడేళ్లు పట్టిందట.

మామకి వీటి సంగతులు చెప్పడం చేతన్‌కి సరదాగానే ఉండేది. చలి దేశాల్లో పీపాలోంచి ఏడాదికి నూటికి రెండు వంతులు ఆవిరవుతుందనీ, బెంగళూరు వేడికి పది వంతుల దాకా పోతుందనీ, ఆ పోయినదాన్ని దేవదూతల వాటా అంటారనీ చెప్తే మునినారాయణప్ప చాలాసేపు బాధపడ్డాడు. "కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాలు ఏస్తే గాల్లోకి హారిపోదు కదప్పా. అంత చదువుకున్నోళ్లు, వాళ్లకి ఎవురూ చెప్పల్యా?" అన్నాడు. తను మాత్రం చుక్క ముట్టలేదు.

ఆ వారాల్లో రెండేసిసార్లు, ఇవ్వడానికోసారి వినడానికోసారి, చేతన్ అంగడిలో అరగంట కూర్చునేవాడు. మామ జయమ్మ చేత కాఫీ తెప్పించి, వాసన చూసి, 'కంపు' అని ఆమోదించి, ఇచ్చేవాడు. చేతన్ ఫోన్ చూసుకుంటూ తాగేవాడు. గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు అతనికి ఆ ఫోన్లో చూసినదేదీ గుర్తురాదు.

పోయిన ఏడాది వినయ్ చేతికి ఒక సీసా వచ్చింది. ముప్పై ఏళ్లు ఒకే పీపాలో ఉన్నది. లోకం మొత్తానికి నూట ఎనభై ఆరు సీసాలు, అందులో ఇది నలభై ఒకటోది. దాన్ని చిన్న సీసాల్లోకి పంచడానికి వినయ్‌కి మనసొప్పలేదు. అందరి ముందూ మూత తీస్తానన్నాడు. తీశాక మొదటి మాట చేతన్‌దేనన్నాడు.

మామ లేకుండా ఆ మాట చెప్పడం చేతన్ వల్ల కాదు. ఆలోచించి ఆలోచించి, మామని వెంటబెట్టుకుని వెళ్లడానికి నిశ్చయించుకున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ దారిలో ఆగామని చెప్పొచ్చు. మామ వాసన చూసి చెవిలో చెప్తే చాలు. విని మునినారాయణప్ప తటపటాయించాడు. ఇంటికి తెస్తే నిద్ర చేయించి చెప్తా కదప్పా అన్నాడు. తేవడం కుదరదని చేతన్ అన్నాడు. లోపల్నుంచి పుష్పావతి, "మీరు పోయి ఏం చేస్తారు, సుమ్మనె ఊరికే ఉండండి" అంది. అత్తకి మందు అంటే గిట్టక అంటోందనుకున్నాడు చేతన్. మామ కాసేపు అతని ముఖం చూసి, పెట్టెలోంచి ఇస్త్రీ పంచె తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం వినయ్ ఇంట్లో మునినారాయణప్పకి సోఫా మధ్యలో చోటిచ్చారు. అంకుల్ కూడా కాస్త చూస్తారు అని చేతన్ అంటే, వినయ్ మర్యాదస్తుడు, మొదటి గ్లాసు పెద్దాయనకే ఇచ్చాడు. మునినారాయణప్ప గ్లాసు వంచి, ఇంగువ పరీక్ష చేసినట్టు, అరచేతిలో పోసుకుని రెండు చేతులూ రుద్దాడు. ముప్పై ఏళ్లది చేతులకి పూసుకుంటున్న మనిషిని చూస్తూ వినయ్ గుటక మింగాడు. మునినారాయణప్ప చేతులు ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. చేతన్ చెవి దగ్గరగా పెట్టాడు.

మునినారాయణప్పకి గుసగుసలాడటం రాదు. "ఏం కంపప్పా" అన్నాడు గది మొత్తానికీ. "నా ఆయుసులో ఇంత కంపు చూసిందే లేదు."

వినయ్ ముఖంలో రక్తం లేదు. "ఏమంటున్నారు గురూ ఆయన?"

"కంపంట" అంది రమ్య, నవ్వు ఆపుకుంటూ.

"అంకుల్, ఇది ముప్పై ఏళ్లది" అన్నాడు వినయ్.

"అదే చెప్తాండానప్పా. ముప్పై ఏండ్లకే ఇంత కంపు. ఇంకో పదేండ్లు పెట్టింటే పక్కిండ్లకి కూడా కొట్టేది."

చేతన్ చెప్పాల్సింది ఒక్క మాట. మా ఇళ్లలో కంపంటే సువాసన, మామ మెచ్చుకుంటున్నాడు అని. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ అది చెప్తే, మీ ఇళ్లు ఎక్కడ అంటారు. బళేపేట అంటే, మామ ఏం చేస్తాడు అంటారు. గ్రంథిగె అంగడి అంటే, అక్కడ ఏం అమ్ముతారు అంటారు. నన్నారి, సాంబ్రాణి, వస. రమ్యకి ఆ మూడూ లెక్క కట్టడానికి క్షణం పట్టదు.

"సారీ వినయ్" అన్నాడు చేతన్. "మామకి వయసైపోయింది. ముక్కు పనిచేయదు."

గది తేలికపడింది. ఒకరిద్దరు నవ్వారు. మునినారాయణప్ప మాత్రం గిరుక్కున తిరిగి మేనల్లుడి వైపు చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. చేతన్ తల దించుకున్నాడు.

"అవునప్పా" అన్నాడు మునినారాయణప్ప వినయ్‌తో. "ముక్కు పోయింది. పిల్లోడు చెప్పేది నిజమే. నా మాట పట్టించుకోవద్దండి."

తర్వాత చేతన్ తన వంతుకి గ్లాసు ఎత్తి, ఏమీ తోచక, పాత నోట్లే నాలుగు కలిపి చెప్పాడు. అందరూ తలలూపారు. తిరిగి వెళ్తుంటే కారులో మామ మహా హుషారుగా ఉన్నాడు. దారి పొడుగునా అతని చెయ్యి పట్టుకుని ఏవేవో చెప్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు, "మంచి పని చేసినావప్పా" అన్నాడు. ఆ మాట చేతన్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఏ ముక్కు మీద బతికాడో ఆ ముక్కే లేదన్నాడు. ఆయన అందరి ముందూ అవునని తన పరువు కాపాడాడు. ఆపైన మంచి పని చేశావని మెచ్చుకున్నాడు. ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆఫీసు గ్రూపులో 'కంపు అంకుల్' పుట్టాడు. క్యాంటీన్ ఉప్మా బాగాలేకపోతే కంపు అంకుల్, సర్వరు ఆగిపోతే కంపు అంకుల్. చేతన్ కూడా ఒకసారి నవ్వు బొమ్మ పెట్టాడు. దాన్ని తర్వాత తీసేశాడు, అప్పటికే అందరూ చూసేశారు. విస్కీ ఆదివారాలకి ఏదో వంక చెప్పి మానేశాడు. బళేపేటకి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. మామ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రేపు వెళ్తా, ఎల్లుండి వెళ్తా అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జయమ్మ అంగడి ఫోన్లోంచి చేసింది.

పదమూడో రోజు భోజనాలయ్యాక పుష్పావతి వెనక వసారాలో చాప మీద ఒంటరిగా కూర్చుని ఉంటే, చేతన్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆ రోజు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని అతనికి తెలుసు.

"అత్తా, ఆ పొద్దు మామని మా ఆఫీసరు ఇంటికి పిల్చుకోని పోయినా కదా. అక్కడ అందరి ముందర మామకి ముక్కు పనిచేయదని అబద్ధం చెప్పినా. నా పేరు పోతాదని."

పుష్పావతి అతన్ని వింతగా చూసింది. "అబద్ధమా?"

"అవునత్తా."

"నీకు తెలిసి చెప్పలేదా?"

"ఏం తెలిసి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చేతన్ కంగారుపడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె నవ్వుతోంది. పదమూడు రోజుల్లో మొదటిసారి.

కోవిడ్ జ్వరం వచ్చిన ఏడు మునినారాయణప్పకి వాసన పోయింది. అందరికీ తిరిగొచ్చింది, ఆయనకి రాలేదు. కర్పూరానికీ కాఫీకీ తేడా తెలియదు. సొరుగులు ఎక్కడెక్కడున్నాయో చేతులకి తెలుసు కాబట్టి అంగడి నడిచింది. మిగతాది అలవాటు నడిపించింది. ఎవరు ఏమిచ్చినా కళ్లు మూసుకుని కంపు అనేవాడు. కంపంటే కోపగించుకునేవాడు బళేపేటలో లేడు.

"మరి నా సీసాలు?" అన్నాడు చేతన్.

"యాడ నిద్ర చేసినాయనుకున్నావు?" అంది పుష్పావతి. "శుక్రవారం పొద్దున్నే, తల మీద నీళ్లు పోసుకోకముందే నా చేతిలో పెడతాండె. నేను చూసి చెప్పి, ఆపైన తలంటు పోసుకోని దీపం పెడతాంటి. ఎండుద్రాక్ష జాడీ నేను చెప్పిందే. నన్నారి నేను చెప్పిందే. పొగ వాసనది ఒకటి తెచ్చినావే, దానికి నేను తడిసిన కుక్క అన్నా. అట్ల చెప్తే ఎవురో కష్టపడి చేసిన సరుకు, బేజారు పడతారు అని ఆయప్పే కంబళి చేసినాడు."

తడిసిన కుక్కని కావలించుకున్న వినయ్ గుర్తొచ్చి చేతన్‌కి నవ్వు వచ్చింది. నవ్వుతూనే, అంత మాత్రానికి ముక్కు లేదని తనకి చెప్పేస్తే పోయేది కదా అన్నాడు.

"చెప్పమని నేనూ అంటి. వాడు వచ్చేదే దీనికి పుష్పా, చెప్తే మళ్లా యాడ వస్తాడు అన్నాడు."

పుష్పావతి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ ఆదివారం ఆయన ఇంటికొచ్చి గుమ్మంలోంచే కేకేశాడని చెప్పింది. వాడికి తెలిసిపోయిందే, ఎప్పట్నుంచి తెలుసో ఏమో, తెలిసి కూడా మామా మామా అని అంత దూరం పిల్చుకోని పోయినాడు, వాసన తెలీక నేను నోరు జారితే నలుగురి ముందర కాపాడినాడు అన్నాడట. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడట.

అప్పుడే పక్క అంగడి ఫయాజ్ సెలవు తీసుకోవడానికి వసారాలోకి వచ్చాడు. అత్తరు వ్యాపారం ఆయనది. చేతన్‌ని చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వే కదా చేతన్. రోజూ పొద్దున మా కొత్త అత్తరు మీ మామ చేతికి రాస్తాంటి బాబూ. కంపు భాయ్, కంపు అంటాండె. ముక్కు పోయిందని నాకే తెల్లేదు. మీరు పోయొచ్చిన మర్నాడు, సోమవారం, మీ మామే ఒక్కొక్క అంగడీ ఎక్కి చెప్పినాడు. ఇన్నేండ్లు మీ అందరి ముందర తిరిగినా, ఒక్కరూ కనిపెట్టల్యా. మావోడు ఒక చూపు చూసినాడు, చెప్పేసినాడు. ముక్కంటే అదీ, అని."

చేతన్ నోరు తెరిచాడు. పుష్పావతి అతని మణికట్టు నొక్కి పట్టుకుంది.

"అవు ఫయాజన్నా" అంది. "వాడు చిన్నప్పట్నుంచి అంతే."

ఫయాజ్ మెచ్చుకోలుగా తలూపి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలుగా బళేపేట మొత్తంలో చేతన్ ముక్కుకి మంచి పేరుందట. ఆ సంగతి చేతన్‌కి ఆ పూటే తెలిసింది.